వేడినీళ్ల పైపుకు కట్టేసిన కరెంటు పైపు: ప్లాస్టరింగ్‌కు ముందే విప్పించండి

ప్రశ్న: కరీంనగర్‌లో ఇల్లు కట్టుకుంటున్నాం. కింద ఒకటి, పైన ఒకటి. డాబా మీద 200 లీటర్ల ట్యూబుల సోలార్ హీటరు పెట్టించాం, దాని ట్యాంకులో 2 కిలోవాట్ల కరెంటు కాయిల్ కూడా ఉంది. అక్కడి నుంచి ముప్పావు అంగుళం సీపీవీసీ పైపు బాత్రూము గోడలో దిగుతుంది. ఎలక్ట్రీషియన్ వేరే గాడి కొట్టకుండా ఆ గాడిలోనే నాలుగడుగుల పొడవునా కరెంటు పైపు పెట్టి, రెండింటినీ బైండింగ్ వైరుతో కట్టేశాడు. 3 కిలోవాట్ల గీజరు వైరు, పక్క గది ఏసీ వైరు రెండూ అందులోనే ఉన్నాయి, రెండూ 2.5 స్క్వేర్ ఎంఎం. డాబా మీదైతే కాయిల్‌కు వెళ్లే వైరు ఎండ తగలకుండా ఉంటుందని వేడి పైపు చుట్టూ ఉన్న నల్ల ఫోమ్ లోపలికే దూర్చాడు. అడిగితే ‘ఎఫ్ఆర్ వైరు సార్, మంట అంటుకోదు, ఏం కాదు’ అంటున్నాడు. జర్మనీలో ఉండే మా బావమరిది ఫొటో చూసి వెంటనే పని ఆపించమన్నాడు. ఎవరి మాట వినాలి? గోడ తొమ్మిది అంగుళాలది. ప్లాస్టరింగ్ వచ్చే వారం.

సమాధానం: డాబా మీద వైరును మాత్రం ఈ రోజే ఫోమ్‌లోంచి బయటికి తీయించండి, అంతవరకు ఆ కాయిల్ స్విచ్ వేయకండి. బాత్రూము గోడ సంగతి అంత ప్రమాదకరం కాకపోయినా అలా వదిలేసేది కాదు. ప్లాస్టరింగ్ కాలేదు కాబట్టి పూటన్నర పనితో పోతుంది.

ముందు ‘ఎఫ్ఆర్’ సంగతి. వైరుకు మంట అంటుకుంటే అది వైరు పొడవునా పాకకుండా ఆగడం, అంతవరకే ఎఫ్ఆర్ అంటే. వేడిని తట్టుకోవడం దానికి సంబంధం లేని వేరే గుణం. ఐఎస్ 694 అనే భారతీయ ప్రమాణం ప్రకారం తయారయ్యే మామూలు పీవీసీ ఇంటి వైరులో రాగి ఎడతెరిపి లేకుండా ఉండదగిన గరిష్ఠ వేడి 70 డిగ్రీలు. ఎఫ్ఆర్ అని రాసినా, పొగ తక్కువ వచ్చే ఎఫ్ఆర్ఎల్ఎస్ అని రాసినా ఆ 70 మారదు. హెచ్ఆర్ (వేడిని తట్టుకునేది) అని ప్రత్యేకంగా రాసి ఉంటే 85. ఎక్స్ఎల్‌పీఈ అనే వేరే రకం ప్లాస్టిక్ తొడుగైతే 90. మీ వైరు మీద ఏం ముద్రించి ఉందో టార్చి వేసి చదవండి. హెచ్ఆర్ అనే అక్షరాలు లేకపోతే అది 70 డిగ్రీల వైరే.

ఈ 70 డిగ్రీల్లో పరిసరాల వేడి, వైరులో పారే కరెంటు పుట్టించే వేడి రెండూ కలిసే ఉంటాయి. అసలు లెక్క ఇక్కడే ఉంది. గోడలోని పైపులో పోయే 2.5 స్క్వేర్ ఎంఎం రాగి పీవీసీ వైరు, చుట్టూ 30 డిగ్రీలు ఉన్నప్పుడు, 24 ఆంపియర్ల దాకా మోయగలదు. చుట్టూ 40 ఉంటే ఆ 24ను 0.87తో గుణించాలి. 50 అయితే 0.71తో, 55 అయితే 0.61తో, 60 అయితే సరిగ్గా సగంతో. ఒకే పైపులో రెండు సర్క్యూట్లు పోతే మళ్లీ 0.8తో గుణించాలి. మీ గోడకే చూద్దాం: 24ను 0.8తో గుణిస్తే 19.2. వేడి పైపు ఆనుకొని ఉన్నందువల్ల చుట్టూ 55 డిగ్రీలు అనుకుంటే 11.7 ఆంపియర్లు. 3 కిలోవాట్ల గీజరు 230 వోల్టుల దగ్గర లాగేది 13.

కాగితం మీద ఓడిపోయినట్టే, కానీ ఎలక్ట్రీషియన్ పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. గీజరు నడిచేది చలికాలం పొద్దున, ఏసీ నడిచేది వేసవి రాత్రి. రెండూ ఒకేసారి నిండా లాగే రోజులు అరుదు. సోలార్ నీళ్లు బాగా కాగిన రోజు గీజరు వేసే పనే ఉండదు. పైగా పైపు రోజంతా వేడిగా ఉండదు. ముప్పావు అంగుళం సీపీవీసీలో మీటరుకు పట్టేది పావు లీటరు నీళ్లు. కుళాయి కట్టేశాక ఆ కాసిన్ని నీళ్లు ఇటుక గోడకు వేడిని వదిలేసి చల్లారిపోతాయి. ఇద్దరు స్నానం చేస్తే అరగంట, నలుగురైతే గంట, అంతే.

బావమరిది మాట ఆయన ఉన్న చోట అక్షరాలా నిజం. అక్కడ చలికాలమంతా గదులు వెచ్చగా ఉంచడానికి రేడియేటర్ల పైపుల్లో వేడి నీళ్లు రోజూ గంటల తరబడి తిరుగుతూనే ఉంటాయి. నేలలో, గోడలో వాటిని ఆనుకున్న వైరుకు నెలల తరబడి చల్లారే అవకాశం దొరకదు. పీవీసీ వయసు, 70 డిగ్రీల పరిమితికి మించిన ప్రతి 8–10 డిగ్రీలకూ సుమారు సగానికి పడిపోతుందని ఈ రంగంలో వాడే మోటు లెక్క. కాబట్టి పైపు ఎంత వేడి అన్నదానితో పాటు రోజుకు ఎన్ని గంటలు వేడిగా ఉంటుందన్నదీ అడగాలి. మీ ఇంట్లో రేపు కుళాయి తిప్పగానే వేడి నీళ్లు రావాలని సర్క్యులేషన్ పంపు పెట్టిస్తే మీ గోడ కూడా జర్మనీ గోడే అవుతుంది. హోటళ్లలో, పెద్ద అపార్టుమెంట్లలో ఈ ఏర్పాటు ఉంటుంది.

అయితే వేడి కంటే ముందు మీ గాడిలో భయపడాల్సింది ఆ బైండింగ్ వైరు ముడి. సీపీవీసీ వేడికి బాగా సాగుతుంది: 10 మీటర్ల పైపు 40 డిగ్రీలు వేడెక్కితే సుమారు 26 మిల్లీమీటర్లు, అంటే అంగుళం. ప్రతి స్నానానికీ పైపు కొంచెం ముందుకు జరిగి, చల్లారాక వెనక్కి వస్తుంది. గట్టిగా బిగించిన ఇనుప తీగ ఉన్నచోట పైపు గీసుకుంటుంది, లేదా కరెంటు పైపును తనతో పాటు లాగి దాని కప్లింగు వదిలేలా చేస్తుంది. ఏళ్లు గడిచాక అక్కడ సన్నగా కారడం మొదలైతే, ఆ నీళ్లకు దొరికే సులువైన దారి పక్కనే ఉన్న కరెంటు పైపు. అందులోంచి జారి కింది స్విచ్ బోర్డులోకి దిగుతాయి. గోడ తడి బయటికి కనిపించేలోపు బోర్డు పెట్టెలో నీళ్లుంటాయి. ఆర్సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) లేని ఇంట్లో ఇది షాకు.

ఇంకో సంగతి ఎలక్ట్రీషియన్లలో చాలామందికి తెలియదు, ప్లంబర్లలో కొందరికి తెలుసు. వైరు తొడుగు మెత్తగా వంగేందుకు పీవీసీలో ఒక రకం నూనె కలుపుతారు. ఆ మెత్తటి పీవీసీ సీపీవీసీ పైపుకు నేరుగా ఆనుకొని ఉంటే నూనె మెల్లగా పైపులోకి దిగి, ఆ చోట దాన్ని బలహీనపరిచి పగుళ్లు తెప్పిస్తుంది. వేడి ఉంటే ఇంకా త్వరగా. అంటే పైపు వైరును పాడు చేయడం సరే, వైరే పైపును పాడు చేస్తుంది. నల్ల ఇన్సులేషన్ టేపు, ప్లాస్టిక్ గార్డెన్ పైపు ముక్క, వంటనూనె మరక కూడా అదే పని చేస్తాయి. వైర్లు పోయే గట్టి కరెంటు పైపులో (కాండ్యూట్) ఆ నూనె ఉండదు కాబట్టి గోడలో మీకు ఈ బాధ లేదు. డాబా మీద ఫోమ్ లోపల వైరు నేరుగా సీపీవీసీకి తాకుతోంది, అక్కడ ఉంది. వైరు తీశాక దాన్ని ఆనుకున్న పైపు భాగాన్ని వేలితో తడిమి చూడండి. మెరుపు పోయి జిగటగానో, సన్నని గీతలతోనో కనిపిస్తే ఆ ముక్క కోసి కొత్తది వేయించండి.

ఇప్పుడు డాబా పని. అక్కడ వైరుకు మూడు వైపుల నుంచీ వేడి. ట్యూబుల హీటరులో నీళ్లు మామూలు ఎండ రోజు 60–80 డిగ్రీలకు వెళ్తాయి. వేసవిలో మీరు వాడకుండా ఊరెళితే మరిగే దాకా పోతాయి. వైరు తన కరెంటు వల్ల తాను వేడెక్కుతుంది, 2 కిలోవాట్లంటే దాదాపు 9 ఆంపియర్లు. ఆ పైన ఫోమ్. దుప్పటి కప్పుకున్న వైరు తన వేడిని బయటికి వదల్లేదు. ఫోమ్‌లాంటి దాంట్లో అర మీటరు పొడవున పూర్తిగా మునిగిన వైరు మోయగలిగేది సగానికి పడిపోతుంది. దానికి పైపు వేడి తోడైతే మిగిలేది ఏమీ లేదు. ఫోమ్ తొడగాల్సింది వేడి పైపుకు, వైరుకు ఎప్పుడూ కాదు. ఎండ నుంచి కాపాడాలన్న ఎలక్ట్రీషియన్ ఉద్దేశం మంచిదే, ఎంచుకున్న చోటే తప్పు.

అందుకని పిట్టగోడ లోపలి వైపు, నీడ ఉండే పక్క చూసి, వేడి పైపుకు కనీసం అడుగు దూరంలో వేరే దారి ఇవ్వండి. 4 స్క్వేర్ ఎంఎం మూడు కోర్ల ఎక్స్ఎల్‌పీఈ కేబుల్, నల్ల తొడుగుది, 60 సెంటీమీటర్లకు ఒక సాడిల్ చొప్పున. రెండు ఎక్కడైనా దాటాల్సి వస్తే అడ్డంగా, లంబ కోణంలో దాటాలి, వైరు పైన, పైపు కింద. ట్యాంకు దగ్గర వానకు తట్టుకునే ఐపీ65 డబ్బాలో ఫేజ్, న్యూట్రల్ రెండింటినీ తెంచే 20 ఆంపియర్ల డీపీ స్విచ్ ఉండాలి. కాయిల్ మార్చడానికి వచ్చిన మనిషి కింది ఎంసీబీని నమ్ముకొని పని చేయాల్సిన అవసరం రాకూడదు. కాయిల్ మూత లోపల టెర్మినళ్ల దగ్గర ఎప్పుడూ ఎక్కువ వేడి ఉంటుంది. అక్కడ పీవీసీ వైరు కొన్నాళ్లకు గట్టిపడి పెచ్చులూడుతుంది. స్విచ్ డబ్బా నుంచి కాయిల్ దాకా ఉన్న ఆఖరి అర మీటరుకు 180 డిగ్రీల సిలికాన్ వైరు, పైన గ్లాస్ ఫైబర్ స్లీవు, చివర రింగు లగ్గు క్రింప్ చేసి బిగించమనండి. స్క్రూ కింద వైరు పోగులు చుట్టి వదిలేస్తే అక్కడే నల్లబడుతుంది. కేబుల్ డబ్బాలోకి కింది నుంచి ఎక్కాలి, ఎక్కే ముందు ‘యు’ ఆకారంలో కాస్త కిందికి వేలాడాలి, వాననీళ్లు అక్కడ చుక్కలుగా రాలిపోతాయి. ట్యాంకు బాడీకి ఎర్తు తప్పనిసరి. ట్యాంకు దగ్గర మొదటి మీటరు జీఐ పైపు వేసి ఉంటే దానికి కూడా. ఇనుప పైపు మీద వైరు తొడుగు కరిగితే ఆ పైపుకే కరెంటు వస్తుంది.

బాత్రూము గోడలో కరెంటు పైపును విప్పి వేరే గాడిలోకి మార్చండి. వేడినీళ్ల పైపుతో సమాంతరంగా పోయేచోట రెండింటి మధ్య 15 సెంటీమీటర్లు. నిలువు గాడి లోతు గోడ మందంలో మూడో వంతు దాటకూడదు, తొమ్మిది అంగుళాల గోడకు 75 మిల్లీమీటర్ల దాకా చోటుంది కాబట్టి మీకు ఇబ్బంది లేదు. నాలుగున్నర అంగుళాల గోడ ఉన్నవాళ్లు మాత్రం జాగ్రత్త, అక్కడ 38 మిల్లీమీటర్లే. అటు పక్క గాడికి సరిగ్గా వెనక ఇటు పక్క గాడి కొడితే మధ్యలో మిగిలేది ఇటుక కాదు, పలక. అడ్డంగా పోయే గాడి లోతు ఆరో వంతుకు మించనివ్వకండి.

గీజరును, ఏసీని వేర్వేరు పైపుల్లో తీసుకెళ్లండి. గీజరుకు 4 స్క్వేర్ ఎంఎం. 60 డిగ్రీల్లో కూడా అది 16 ఆంపియర్లు మోస్తుంది, గీజరుకు కావాల్సింది 13. దానికి 20 కాకుండా 16 ఆంపియర్ల ఎంసీబీ పెట్టించండి. ఎందుకంటే 20 ఆంపియర్ల ఎంసీబీ 29 ఆంపియర్లు పోతున్నా గంట దాకా ఆగొచ్చు, ప్రమాణాలే ఆ వెసులుబాటు ఇస్తాయి. ఎంసీబీ ఆంపియర్లను చూసే మనిషి, గోడలో పైపు వేడిని చూడలేదు. బాత్రూము సర్క్యూట్లకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్సీసీబీ ఉండి తీరాలి. నెలకోసారి దాని టెస్ట్ బటన్ నొక్కి చూడండి.

ఎక్స్ఎల్‌పీఈ వైరే వేసుకుంటే 2.5 సరిపోతుంది కదా అని ఎవరైనా అంటారు. వైరుకు సరిపోవచ్చు. స్విచ్‌లు, సాకెట్ల టెర్మినళ్లు మామూలుగా 70 డిగ్రీల లెక్కకు చేసినవే. 90 డిగ్రీల వైరును నిండా వాడితే ఆ వేడి సాకెట్టులోకి చేరి దాన్ని కాలుస్తుంది. మంచి వైరు వేయండి, లెక్క మాత్రం పీవీసీదే వేయండి.

ఇక వేడినీళ్ల పైపుకు గోడలో కూడా 13 మిల్లీమీటర్ల ఫోమ్ గొట్టం తొడిగించండి. గాడి 55 మిల్లీమీటర్ల వెడల్పు, 60 లోతు కావాలి. దీనివల్ల రెండు లాభాలు: వేడి గోడకు పోదు, పైపు సాగి జరగడానికి సిమెంటు అడ్డు రాదు. కొనేటప్పుడు సీపీవీసీకి పనికొస్తుందని కంపెనీ కాగితంలో ఉందో లేదో చూడండి. రబ్బరు ఫోముల్లో కొన్నిటికి పైన చెప్పిన నూనె గొడవే ఉంది. ఖాళీల్లో థర్మకోల్ ముక్కలు కుక్కే అలవాటు కొందరు మేస్త్రీలకు ఉంటుంది, అది మాన్పించండి. థర్మకోల్ తాకిన పీవీసీ తొడుగు పెళుసవుతుంది, థర్మకోలూ కరుగుతుంది. ఎలక్ట్రికల్ పైపు ఉన్న గాడిని సిమెంటు మోర్టారుతోనే నింపి, పైన మెష్ వేయాలి.

కరెంటు పైపు వేడి పైపును దాటక తప్పని చోట దాటవచ్చు, భయం లేదు. అడ్డంగా దాటించి, మధ్యలో 25 మిల్లీమీటర్ల మోర్టారు ఉంచి, వేడి పైపుకు ఆ చోట అటూ ఇటూ 15 సెంటీమీటర్ల చొప్పున ఫోమ్ ఉంటే చాలు. గీజరు దగ్గర మాత్రం ఒకటి గుర్తుంచుకోవాలి. సాకెట్టు గీజరు కింద పెట్టకండి. ప్రెషర్ వాల్వు ఎప్పుడో ఒకప్పుడు చుక్కలు వదులుతుంది. పక్కన, గీజరు అడుగు మట్టం కంటే పైన పెట్టి, దాని కార్డు వేడి నీళ్లు వచ్చే గొట్టానికి తాకకుండా క్లిప్పు వేయండి.

దూరం జరపడం నిజంగా కుదరని చోటు ఎక్కడైనా మిగిలితే ఊహకు పోకుండా కొలవండి. చాలా మల్టీమీటర్లతో వేడిని కొలిచే, చిన్న గుండు ఉన్న థర్మోకపుల్ తీగ వస్తుంది. ఆ గుండును రెండు పైపుల మధ్య అతికించి, మధ్యాహ్నం మూడింటికి ట్యాంకు బాగా కాగి ఉన్నప్పుడు అరగంట కుళాయి వదలండి. 45 లోపు ఉంటే వదిలేయొచ్చు. 45–55 మధ్య ఉంటే పైపుకు ఫోమ్, వైరు ఒక సైజు పెద్దది. దాటితే దారి మార్చడమే.

సామాను పెద్దదేమీ కాదు. 25 మిల్లీమీటర్ల కాండ్యూట్ 3 మీటర్ల పొడవువి మూడు, బెండ్లు నాలుగు, కప్లింగులు నాలుగు, సొల్యూషన్ చిన్న డబ్బా, 2 మీటర్ల ఫోమ్ గొట్టాలు వేడి పైపు పొడవును బట్టి. గీజరుకు 4 స్క్వేర్ ఎంఎం ఫేజ్, న్యూట్రల్, 2.5 ఎర్తు వైరు బోర్డు నుంచి గీజరు దాకా దూరం కొలిచి, దాని మీద ఒక మీటరు అదనంగా కొనండి. గోడలో జాయింటు వేయనివ్వకండి, ముక్క వైరు పాత దానికి కలుపుతానంటే ఒప్పుకోకండి. తీసేసిన 2.5 వైరు పాడైపోలేదు, ఇంకా వేడి తగల్లేదు కాబట్టి ఏసీకి అదే వాడుకోవచ్చు.

వరుస మాత్రం తప్పనివ్వకండి: ముందు ప్లంబరు ప్రెషర్ టెస్టు చేసి ఒక రాత్రంతా గేజీ ముల్లు పడలేదని చూపించాలి. తర్వాత ఫోమ్ తొడగాలి, ముందే తొడిగితే కారే జాయింటు కనబడదు. ఆ తర్వాత కొత్త కాండ్యూట్, గాడి పూడ్పు. గోడ ఆరాకే వైర్లు లాగాలి. లాగాక, స్విచ్‌లూ గీజరూ తగిలించకముందు, 500 వోల్టుల మెగ్గరుతో (వైరు తొడుగు బాగుందో లేదో కొలిచే మీటరు) ఫేజ్–ఎర్తు, న్యూట్రల్–ఎర్తు, ఫేజ్–న్యూట్రల్ మధ్య చూడమనండి. ఒక మెగోమ్ కనీస హద్దు, కొత్త వైరు వందల్లో చూపించాలి. రెండో మూడో చూపిస్తే ఎక్కడో తొడుగు గీసుకుపోయినట్టు, లేదా పైపులో తడి ఉన్నట్టు. ప్లాస్టరింగ్ వాళ్లకు ఆ ఫలితం చేతికొచ్చాకే తేదీ ఇవ్వండి, అవసరమైతే నాలుగు రోజులు వెనక్కి జరపండి.